పురుగుల పెట్టెకు హారతి

ఎవరికెంత జీతం, ఎవరు ఏ కంపెనీ మారారు, ఇవన్నీ పూటపూటా అడుగుతారు. నేరేడ్‌మెట్‌లో అరుగు మీద కూర్చునే దేవమ్మను దారిన పోతూ పలకరిస్తారు కూడా. ఆమె మొగుడు సోమయ్య ఎవరని, ఏం చేసేవాడని మీలో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. నోళ్లు తినడానికేనా? అడక్కపోయినా చెప్తాను, వినండి.

సోమయ్య మీసాలు రాకముందు నుంచే సిలిండర్లు మోసినవాడు. మోసీ మోసీ కుడి భుజం కిందికి జారింది. సందుసందుకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచిన రోజుల్లో, యాప్రాల్ రోడ్డులో ఒక చిన్న ల్యాబ్ వాళ్లు అతన్ని పెట్టుకున్నారు. సిలిండర్లు బిగించాలి, గాజుసామాను కడగాలి, గదులు ఊడవాలి.

అక్కడ పరిశోధన చేసే కనకలక్ష్మి విజయనగరం వైపు పిల్ల. ఏ.ఎస్. రావు నగర్‌లో అద్దెకుండేది. ఆమె దగ్గర తలుపులున్న రెండు పెట్టెలు ఉండేవి. ఒకదాంట్లో క్యాన్సర్ కణాలు, ఇంకోదాంట్లో కంటికి ఆనీ ఆనని తెల్ల పురుగులు. పెట్టెల్లో గాలిని దాదాపు లేకుండా చేసి, సోమయ్య బిగించిన సిలిండర్ల నుంచి నైట్రోజన్ వదిలేది.

“గాలి లేకుంట ఎట్ల బతుకుతయి మేడమ్? పాపం గదా,” అన్నాడు సోమయ్య ఒకనాడు.

“ఇంట్లో గ్యాసయిపోతే ఏటి చేస్తారు బాబాయ్? కిరసనాయిలు స్టవ్వు దించుతారు కదా. ఇవీ అంతే. గాలి తగ్గితే, గాలితో పని లేకుండా చక్కెర వాడుకునే ఎంజైములు ఎక్కువ చేసుకుంటాయి. ఆ ఎంజైముల జీన్లు ఎంత జోరుగా పనిచేస్తన్నాయో కొలవడమే నా పని. పెద్ద గడ్డలో నడిమధ్యనున్న కణాలకీ గాలందదు. అవీ ఇలాగే బతికేస్తాయి.”

గడ్డ అనగానే సోమయ్య చీపురు తీసుకుని పక్క గదికి పోయాడు. దేవమ్మ రొమ్ములో గడ్డ ఉంది. దసరా కాగానే ఆపరేషన్ అన్నారు డాక్టర్లు.

ఆయుధపూజ నాడు కనకలక్ష్మి, “పెట్టెలు తెరవకు బాబాయ్, పైన బొట్టు పెట్టు చాలు,” అని చెప్పి వెళ్లింది. సోమయ్య మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టాడు, బంతిపూల దండలు వేశాడు. మిషన్లకైతే బయటి నుంచి చూపిస్తే సరే, లోపలున్నవి జీవాలు కదా, వాటికి తలుపు మీద హారతేమిటి అనుకున్నాడు. మహా తెలివి. ముందు పురుగుల పెట్టె తెరిచి, దేవమ్మను మనసులో తలుచుకుని, వెలుగుతున్న కర్పూరం పళ్లెం లోపలికంటా పెట్టాడు.

ఊదినవాడు లేడు, ఫ్యాను తిరగడం లేదు. మంట టక్కున ఆరిపోయింది.

సోమయ్య అపశకునమనుకున్నాడు. తలుపు నెట్టి, రెండో పెట్టె జోలికి పోకుండా బయటపడ్డాడు. తలుపు సందులో బంతిపువ్వు కాడ ఇరుక్కుని సరిగా మూసుకోలేదన్నది, లోపలికి గాలి చేరుతోందన్నది చూసుకోలేదు.

“ఆపరేషన్ కార్తీకం అయినంక చూద్దాం,” అన్నాడు ఇంటికొచ్చి.

“ఎందుకట?”

“దినాలు మంచిగ లెవ్వు.”

“నా గడ్డకు పంచాంగం చదవొస్తదా? నీ కార్తీకం దాక ఆగుతదా అది?” అంది దేవమ్మ.

ఆరిన హారతి మాట నోటితో అంటే నిజమవుతుందని అతని భయం. డాక్టర్లు చెప్పిన రోజు దాటిపోయింది.

ఇక్కడ ల్యాబులో కనకలక్ష్మి తల పట్టుకుంది. క్యాన్సర్ కణాల్లో జీన్ల జోరు పెరిగింది, పురుగుల్లో పెరగలేదు. పెట్టె ఎవరైనా తెరిచారా అంటే సోమయ్య లేదన్నాడు. అయితే పురుగుల దారి వేరని రాసేద్దామనుకుంది. ఆ మాట మీదే ఉండగా, అతను ఆపరేషన్‌కని సెలవడిగిన సంగతి గుర్తొచ్చి, “దేవమ్మ పిన్నికి ఆపరేషన్ అయిపోయిందా బాబాయ్?” అని అడిగింది.

“లేదు మేడమ్.”

“ఏం?”

సోమయ్య నేల చూశాడు. “దాని పేరు మీద హారతి ఇస్తే ఆరిపోయింది.”

“ఎక్కడ?”

అతను పురుగుల పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

“నా పనంతా బూడిద చేసినావు కదా బాబాయ్,” అంది కనకలక్ష్మి. తర్వాత పెట్టెలో మళ్లీ నైట్రోజన్ నింపి, కొవ్వొత్తి ముట్టించి అతని చేతికిచ్చింది. “ఇప్పుడు పెట్టు లోపల.”

పెట్టాడు. ఆరిపోయింది.

“ఈసారి ఎవరి పేరు తలిచావు?”

“ఎవ్వరిది తల్వలే.”

“మరెందుకారింది? గాలి లేక. మంటయితే గాలి లేకపోతే చస్తాది. గడ్డ చావదు బాబాయ్, ఇంకో పొయ్యి ముట్టించుకుంటాది. నువ్వు కార్తీకం అని కూర్చుంటే దానికే లాభం.”

మర్నాడు పొద్దున్నే సోమయ్య దేవమ్మను ఆటో ఎక్కించాడు. గడ్డ పెరిగింది, రొమ్మంతా తీసేశారు. మనిషి మిగిలింది. కనకలక్ష్మి ఆ పురుగుల పని మళ్లీ మొదటి నుంచి చేసింది. ఈసారి వాటిలోనూ జీన్ల జోరు పెరిగింది. తర్వాత దసరాలకు ఆ గది తాళం మాత్రం సోమయ్య చేతికివ్వలేదు.

గడ్డ వచ్చిన దేవమ్మ ఇప్పటికీ అరుగు మీదే ఉంది. సోమయ్య గుండె ఆగి పోయాడు. అప్పటికి అతనికి అరవై మూడేళ్లు.