మా బాపు ఫోటోకు నేను వేసిన దండ

బతికున్న మనిషిని పైకి పంపాలంటే విషమూ కత్తీ అక్కర్లేదు. డిజైన్ పని నేర్చుకుంటున్న ఇరవై రెండేళ్ల పిల్ల ఒకతీ, ఆమె ముందొక కంప్యూటరూ ఉంటే చాలు. ఆ పిల్ల నేనే. ఒక్క పూటలో మూడు జిల్లాల్లో నేను ఎంతమంది ప్రాణాలు తీశానో చెబుతాను, వినండి. ఆ జాబితాలో నన్ను కన్న మా బాపు కూడా ఉన్నాడు.

జనగామలో ఒక చెప్పుల దుకాణం పైన మా కంపెనీ ఉండేది. ఫ్లెక్సీల నమూనాలు తయారుచేసి ఇటు మహబూబాబాద్, అటు భూపాలపల్లి దాకా ఉన్న ఫ్లెక్సీ దుకాణాలకు ఇచ్చేది. దుకాణంవాళ్లు ఫోటో పెట్టి, పేరు కొట్టి, ప్రింటు నొక్కడమే. పుట్టినరోజు, పెళ్లి, పదవి, చావు, ఏదైనా సరే మా దగ్గర సిద్ధం. నేనక్కడ ఆరు నెలల ఇంటర్న్‌ని. నాకు పని నేర్పే విజయక్క మొదటి రోజే ఇలా చెప్పింది.

"చూడు రజితా, ఈడ ప్రతి ముక్కను ఒక్కసారే గీస్తం. అన్ని నమూనాలు దాన్నే వాడుకుంటయి. ఒక్కతాన మారిస్తే అన్నితాన్ల మారుతది. డిజైన్ సిస్టమ్ అంటే గిదే."

ఎంత గొప్ప ఏర్పాటో చూడండి. ఊరి ట్యాంకులో మందు కలిపితే ప్రతి ఇంటి నల్లాలోనూ వస్తుంది కదా, అలాంటిదే. ఆ ట్యాంకు మూత నా చేతికిచ్చారు.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఫోటో ఫ్రేములు. చూస్తే నలభై ఒకటి ఉన్నాయి. నాకేమో సర్దుడు పిచ్చి. నలభై ఒకటినీ కలిపి ఒకటే ఫ్రేము చేసి, పక్కన మీటలు పెట్టాను. కేకు కావాలంటే కేకు మీట, దండ కావాలంటే దండ మీట, దీపాలకు దీపాల మీట. బంతిపూల దండ ఒక్కటే రెండు రోజులు గీశాను. ఒక్కో రెక్కకు ఒక్కో నీడ. దాన్ని ఒక శ్రద్ధాంజలి ఫోటోకు తొడిగి, అటూ ఇటూ దీపాలు వెలిగించి చూసుకుంటే ఆ పోయినాయన ఎవరో తెలియకపోయినా నాకు ఏడుపొచ్చింది. ఆ మురిపెంలో దండ మీటా దీపాల మీటా ఆపకుండానే అన్ని దుకాణాలకూ పంపేశాను. అంటే ఎవరూ ఏదీ ఎంచుకోకపోతే ఫోటోకు దండా దీపాలూ వాటంతటవే వచ్చేస్తాయి. మన ఫ్లెక్సీ దుకాణాల్లో కూర్చుని ఎంచుకునే తీరిక ఎవరికుందో మీకే తెలుసు.

"ఒక్కటన్న ప్రింటు తీసి చూసినవా?" అని విజయక్క అడిగింది.

"ఎందుకక్కా, తెర మీద మంచిగనే ఉన్నది" అన్నాను.

మూడో రోజు పదకొండింటికి మహబూబాబాద్ దుకాణం నుంచి మొదటి ఫోను.

"మేడం, ఈడ ఒకాయనది పుట్టినరోజు. పొద్దుగాలనే ఫ్లెక్సీ కట్టినం. ఆయన ఇప్పుడు నా దుకాణంల కూసున్నడు."

"మంచిదే కదన్నా."

"మంచిదేంది మేడం. నేనెప్పుడు సచ్చిన అని అడుగుతున్నడు. ఏం చెప్పాలె?"

"సచ్చిపోలేదని చెప్పన్నా."

"చెప్పిన. మరి దండేంది అంటున్నడు."

ఫోను పెట్టేసరికి బచ్చన్నపేట నుంచి ఇంకొకటి. పెళ్లి ఫ్లెక్సీలో పిల్లకూ పిలగాడికీ కలిపి ఒకే దండ, రెండు దీపాలు. పిల్ల తల్లి మండపం ముందే కూలబడిందట. విజయక్క నా కుర్చీ లాక్కుని ఒక్క నిమిషంలో మీటలన్నీ ఆపేసింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇగ తెర మీద మారింది. గుంజలకు కట్టినయి మాత్రం మారయి" అంది.

గుంజలు అనే మాట వినగానే నాకు మా బాపు గుర్తొచ్చాడు. వరంగల్ దవాఖానలో గుండె ఆపరేషను చేయించుకున్న ఆయన సరిగ్గా ఆ రోజే మా ఊరు రేగొండకు తిరిగొస్తున్నాడు. ఇంకో నెల దాకా ఆయన్ను ఉలిక్కిపడేలా చేయొద్దనీ, ఏడుపులూ అరుపులూ దగ్గరికి రానీయొద్దనీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయన వస్తున్న సంతోషంలో మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, మా వాడకట్టు మూల మీద సుస్వాగతం ఫ్లెక్సీ కడతానన్నాడు. "మా కంపెనీ నమూనానే వాడు చిన్నాయినా" అని చెప్పింది ఎవరనుకున్నారు?

రేగొండలో ఫ్లెక్సీ దుకాణం యాకూబ్ భాయ్‌ది. వెంటనే ఆయనకు చేశాను.

"భాయ్, మా బాపు ఫ్లెక్సీకి దండ వచ్చిందా?"

"వచ్చింది బేటీ, జబర్దస్త్ వచ్చింది. నాకు జర అనుమానమైంది. దీపాలెందుకు అని మీ చిన్నాయినను అడిగిన. కొత్త డిజైన్ గావొచ్చు, మా బిడ్డనే చేసింది, నాయకులకు దండలెయ్యరా అన్నడు. ఎనిమిదింటికే కట్టిండ్రు."

రెండు దీపాల నడుమ దండతో మా బాపు, కింద పెద్ద అక్షరాల్లో సుస్వాగతం. ఎవరు ఎవరిని ఎక్కడికి పిలుస్తున్నారని చూసేవాళ్లు అనుకోవాలి?

చిన్నాయినకు నాలుగుసార్లు చేశాను. అయిదోసారి ఎత్తాడు. ఆయన గొంతుకంటే ముందు మా అవ్వ శోకం వినిపించింది. అవ్వ బాపు కన్నతల్లి. కళ్లు సరిగా ఆనవు, చదువు రాదు, ఆపరేషను సంగతి ఆమెకు ఎవరూ సరిగా చెప్పలేదు. అయితేనేం, అంత పెద్ద దండ ఆనకుండా ఉంటుందా?

"కొడుకా, కండ్ల దవాఖానకు తోల్కపోత అంటివి, తోల్కపోకుండనే పోతివా కొడుకా. చిన్నోని ఇంట్ల చారు నీళ్ల లెక్కుంటదని నీతోనే చెప్పుకుంటిని, ఇగ ఎవలతోని చెప్పుకోవాలె కొడుకా."

"చిన్నాయినా, ముందు ఆ ఫ్లెక్సీ పీకెయ్" అన్నాను.

"ఎట్ల పీకుత బిడ్డా, బతికే ఉన్నడంటే ఇనకుండ అవ్వ దాన్నే పట్టుకొని ఏడుస్తున్నది. సుట్టాలు గూడ నిజమే అనుకొని దిగుతున్నరు. అగో, మీ బాపు ఆటో గూడ వచ్చింది."

నాకు ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. అవ్వ శోకం మాత్రం ఆగలేదు. అప్పుడు ఆ ఏడుపుల మధ్యలోంచి, నీరసంగా, మా బాపు గొంతు వినిపించింది.

"అవ్వా, వచ్చే వారం తోల్కపోత. ఏడ్వకు."

ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సొంత చావుకు వచ్చి జవాబు చెప్పిన మనిషిని మా ఊరు అదే మొదటిసారి చూడటం. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను, దేవుడు నన్ను క్షమించుగాక, ఫోను చెవికి పెట్టుకునే నవ్వాను. ఆ వెంటనే ఆటోలోంచి మా అమ్మ కేక. బాపు ఛాతీ పట్టుకుని ఆటోలోనే ఒరిగిపోయాడని, ఇంట్లో కాలు పెట్టకుండానే ఆటోను మళ్లీ వరంగల్ దారి పట్టించారని చిన్నాయిన చెప్పాడు.

జనగామ నుంచి వరంగల్ ఎంతో దూరం లేదు. కానీ ఆ రోజు బస్సులో కూర్చున్నంత సేపూ బాపును నేనే చంపేశాననుకున్నాను. దారి పొడుగునా ఫ్లెక్సీలే. ఒక్కదానివైపు కూడా తలెత్తి చూడలేకపోయాను.

బాపు బతికాడు. నాలుగు రోజులు ఉంచుకోవాలన్నారు. నేను మంచం పక్కన కూర్చుని, "బాపూ, అది నేనే చేసిన" అన్నాను.

"ఎర్కే. మీ చిన్నాయిన చెప్పిండు." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "గా బంతిపూలు నువ్వే గీసినవా?"

"అవ్ బాపూ."

"మంచిగ గీసినవ్ బిడ్డా. ఫోటో గూడ మంచిగ వచ్చింది. దాన్ని చింపొద్దు, మడతపెట్టి దాయమని చిన్నాయినకు చెప్పిన. కింద గా సుస్వాగతం ఒక్కటి కత్తిరిస్తే, మల్ల పనికొస్తది."

అందుచేత ఆ దవాఖాన మంచం కోడు పట్టుకుని అప్పుడు చేసిన ప్రమాణం ఇప్పుడు మీ ముందు మళ్లీ చేస్తున్నాను. మనిషి పోయాడని ఇద్దరు పెద్దమనుషులు చెప్పాలి, నేను స్వయంగా వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలి, అప్పటిదాకా ఏ ఫోటోకూ దండ వేయను. మా బాపు ఫోటోకైతే అప్పుడు కూడా వేయను.