గోడకు తగలకుండా

సికింద్రాబాద్‌లో అహ్మదాబాద్ బండి మధ్యాహ్నం మూడింటికి. నేను ఏ.ఎస్. రావు నగర్‌లో ఒంటిగంటకే ఆటో ఎక్కేశాను. అహ్మదాబాద్ దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో, విపరీతంగా వేడెక్కిన వాయువును అయస్కాంతాలతో నిలిపి ఉంచే యంత్రం ఉంది. ఆ వాయువును ప్లాస్మా అంటారు. అది గోడకు తగలకుండా ఏ క్షణాన ఏ తీగచుట్టకు ఎంత కరెంటు ఇవ్వాలి, అదీ వీలైనంత తక్కువలో ఎలా ఇవ్వాలి అన్నదే నా నాలుగేళ్ల లెక్క. ఎల్లుండి పొద్దున దానికి ఒకే ఒక్క అవకాశం.

తాండూరు దాటాక ఒక అనుమానం పట్టుకుంది. కరెంటు ఏ దిక్కుగా పారితే నేను ప్లస్ అనుకున్నానో, వాళ్ల యంత్రంలోనూ అదే ప్లస్సా? కాకపోతే నా లెక్క ప్లాస్మాను గోడ మీదకే తోస్తుంది. పోనీ అడుగుదామంటే, ఈమాత్రం తెలియదా అని నా వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారేమో!

ఎదురు బెర్తులో యాదగిరి గారు. జనరల్ బజార్‌లో చీరల దుకాణం, సరుకు కోసం సూరత్ వెళుతున్నారు.

"ఏందమ్మా, పెరుగన్నం గట్లనే పెట్టినవ్? ఏం పరేషాన్?"

చెప్పాను. ఎంత అర్థమైందో గానీ, "ఫోన్ చేసి అడుగు మరి. జెర తిడ్తరు, గంతే గద!" అన్నారు.

మీరెప్పుడైనా ఈ బండెక్కితే కలబురగిలోనే ఏదైనా తినేయండి, ఆ తర్వాత బోగీలోకొచ్చే బిర్యానీ చల్లగా ఉంటుంది. నేను ఫోన్ మాత్రం చేయలేదు. సిగ్నల్ లేదని రాత్రంతా నాకు నేనే చెప్పుకున్నాను.

సూరత్‌లో దిగిన యాదగిరి గారు కిటికీ దగ్గరికొచ్చారు. "చేసినవా?"

తల అడ్డంగా ఊపాను.

"నా ముందట చెయ్యి," అని సంచీ కింద పెట్టి నిలబడ్డారు.

చేశాను. యంత్రం నడిపే మెహతా గారు నా ప్రశ్న మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత, "ముందు ప్లాస్మా లేకుండా కరెంటు ఒక్కటే పంపి చూద్దాం," అన్నారు పొడిగా.

కేంద్రం అతిథి గృహం శుభ్రంగానే ఉంది, దోమలు మాత్రం ఎక్కువ. ఎలాగూ నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున పరీక్షిస్తే కరెంటు దిక్కు నిజంగానే తిరగబడి ఉంది. నా లెక్కలో ఒక మైనస్ పెట్టాను. ఇక అసలుది. మెహతా గారు లెక్కపెడుతుంటే భయమేసి కళ్లు గట్టిగా మూసుకున్నాను. చప్పట్లు వినపడ్డాక తెరిచాను. అప్పటికే అయిపోయింది. ప్లాస్మా నిలిచిందట!

ఈ దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేనేమీ చూడలేదు. తిరుగు బండిలో మెహతా గారు పంపిన ఆ ప్రయోగం వీడియో మాత్రం వికారాబాద్ దాకా మళ్లీ మళ్లీ పెడుతూనే ఉన్నాను. గోడకు తగలలేదని నాకు తెలుసు. అయినా ఆ క్షణం వచ్చేసరికి ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను.