మౌత్ ఆర్గాన్ పాఠాలూ, నేను పెట్టిన సంతకమూ

2007 ఆగస్టులో సింగపూర్ వన్-నార్త్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేరాను. అంతకుముందు హైదరాబాద్‌లో చాలా ఏళ్లు బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించాను. ఇక్కడ నాకు అప్పగించింది వీడియో కాల్ ప్రోగ్రాం, అందులోనూ శబ్దం వరకే. టెస్ట్ లీడ్ అంటే పెద్ద హోదా అనుకునేరు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఒకవైపు, అమ్మేవాళ్లు ఇంకోవైపు ఉంటే, మధ్యలో కూర్చుని "ఇది ఇంకా సరిగ్గా లేదు" అని చెప్పి ఇద్దరిచేతా మాటలు పడే ఉద్యోగం. అధికారం ఒక్కటే ఉండేది. సైన్-ఆఫ్ కాగితం మీద నా సంతకం పడందే శబ్దం భాగం గడప దాటదు. ఆ సంతకం అంటే నాకు కాస్త మురిపెమే, ఇప్పుడు దాచుకోవడం దేనికి.

ఆ ఏడాది మావాళ్లు గొప్పగా చెప్పుకున్నది రొద వడపోత గురించి. ఇంట్లోంచి మాట్లాడేటప్పుడు ఫ్యాను, ఏసీ, రోడ్డు మీద బస్సుల హోరు అన్నీ అవతలివాళ్లకు వినబడతాయి కదా. మనిషి మాట ఆగుతూ, హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. రొద ఒకే తీరున సాగుతుంది. అలా ఒకే తీరున సాగేదాన్ని గుర్తుపట్టి అణిచేయడమే వడపోత పని. మేము వందలకొద్దీ రికార్డింగులతో పరీక్షించాం. ఆడ గొంతులు, మగ గొంతులు, ఇంగ్లీషు, చైనీసు, మలయ్, తమిళం, అన్నీ శుభ్రంగా వచ్చాయి. డిసెంబరులో నేను సంతకం పెట్టేశాను.

మా మేనేజర్ మిస్టర్ లిమ్‌ది ఒక పద్ధతి ఉండేది. విడుదలకు ముందు కొన్ని నెలలపాటు ప్రతి ఉద్యోగీ ఆ ప్రోగ్రాంని ఇంట్లో ఏదో ఒక సొంత పనికి వాడాలి. ఆఫీసు కోసం చేసే ఉత్తుత్తి కాల్స్ లెక్కలోకి రావు. వారం వారం ఎలా ఉందో రాసి పంపాలి. దీన్ని హోమ్ ట్రయల్ అనేవాళ్లం. పెళ్లి కుదిరిన కుర్రాళ్లకు ఇది పండగే అయింది. నాకు మాత్రం ఎవరితోనూ గంటసేపు కబుర్లు చెప్పే ఓపిక లేదు, కావాలంటే మా ఆయన్ని అడగండి. అందుకని ఏదైనా నేర్చుకుందామనుకున్నాను. చిన్నప్పటి నుంచీ మౌత్ ఆర్గాన్ మీద మనసు ఉండేది. ఇంతకాలం ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

తెలుగు సంఘంలో వాకబు చేస్తే సింహాచలం అంకుల్ పేరు చెప్పారు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. అంకుల్ ఇక్కడే పుట్టి, షిప్‌యార్డులో వెల్డర్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. మౌత్ ఆర్గాన్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదట, భోజనం విరామాల్లో ఊది ఊది పట్టేశారు. ఉండేది చోవా చూ కాంగ్‌లో. మేము టాంపినీస్‌లో. ఈ ఊరికి ఒకటి తూర్పు కొస, ఇంకొకటి పడమటి కొస. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నాకు తీరిక తక్కువ. కూతురు కొనిచ్చిన కంప్యూటర్ ఒకటి ఆయన ఇంట్లో ఉంది. జనవరి నుంచి శనివారం పొద్దున్న పదింటికి పాఠం అని కుదుర్చుకున్నాం.

కాల్ కలవగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఏటమ్మా, మకాన్ అయిందా?" అని. మకాన్ అంటే మలయ్‌లో తిండి. ఆయన తెలుగులో తాతగారి యాస చెక్కుచెదరలేదు, మలయ్ మాటలు మాత్రం వచ్చి పక్కన కూర్చున్నాయి. ఇడ్లీ తిన్నానంటే ఎన్ని తిన్నావని అడిగేవారు. పాఠానికి ముందు రెండుకు మించి తినకూడదని ఆయన నియమం. కడుపు నిండితే గాలికి చోటుండదట.

ఈ వాయిద్యంలో సంగతేమిటంటే స ఊదాలి, రి పీల్చాలి, గ ఊదాలి, మ పీల్చాలి. ఈ వరస ధ దాకా నడిచి, ని దగ్గర తిరగబడుతుంది. ధ పీల్చాక ని కూడా పీల్చాల్సిందే. నేను ప్రతివారం అక్కడే పప్పులో కాలేసేదాన్ని. ఆయన కోప్పడేవారు కాదు. "అలామక్" అని, మలయ్‌లో అయ్యో రామా అన్నట్టు, నుదురు కొట్టుకుని మళ్లీ మొదలెట్టించేవారు. నలభై నాలుగేళ్ల మనిషిని, నేను తప్పు చేస్తే నుదురు కొట్టుకునేవాళ్లు ఒకరున్నారంటే నాకు భలే సంతోషంగా ఉండేది. శనివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో దీర్ఘ స్వరాలు మొదలయ్యాయి. ఒకే స్వరాన్ని తొణక్కుండా నిలపాలి. నేను ఊదాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"బేగి ఇడిసేస్తన్నావమ్మా. ఊపిరి సాల్దేటి?"

నేను విడవలేదు, నిలిపాననే అనుకున్నాను. కానీ గురువు వినబడలేదంటుంటే శిష్యురాలు వాదిస్తుందా. మళ్లీ ఊదాను, మళ్లీ అదే మాట. ఆ నెలంతా ఆఫీసులో లిఫ్టు మానేసి మెట్లెక్కాను, ఊపిరి పెరుగుతుందని. ఏమీ పెరగలేదు.

ఇంకో సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఎలా ఊదాలో చూపించడానికి ఆయన ఊదినప్పుడు, ఆ స్వరం కూడా రెండు క్షణాలు నిండుగా వచ్చి, సన్నబడి, మాయమయ్యేది. అరచేతులు రెండూ నోటికి అడ్డం ఉంటాయి, పైగా బొమ్మ శబ్దం కంటే వెనకబడి వచ్చేది. ఇంకా ఊదుతున్నారో, ఆపేశారో తెలిసేది కాదు. డెబ్బై దాటిన మనిషి, ఆయాసం వస్తోంది పాపం అనుకున్నాను. పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఎందుకని "చాలా బాగుంది అంకుల్" అనేదాన్ని. ఆ నెల హోమ్ ట్రయల్ రిపోర్టుల్లో నేను రాసింది నాకింకా గుర్తుంది: శబ్దం శుభ్రంగా ఉంది, లోపాలేవీ కనబడలేదు.

మార్చి చివర్లో అంకుల్ పాఠం మధ్యలో ఆపి ఒక మాట అడిగారు. ఉగాది సభలో ఆయన వాద్యం పెట్టారట. చాలా ఏళ్ల తరవాత పిలిచారు. చివర్లో పై స్వరం ఒకటి పొడుగ్గా నిలిపి ముగించాలని ఆయన కోరిక.

"నీది సౌండు ఉజ్జోగం గదమ్మా. ఉన్నదున్నట్టు సెప్పు. ఇది నిలబడతందా, నేదా?"

ఊదారు. నేను హెడ్‌ఫోన్లు సరిచేసుకుని, ఆఫీసులో వినేంత శ్రద్ధగా విన్నాను. స్వరం రెండు క్షణాలుండి ఆవిరైపోయింది. అబద్ధం చెప్పి సభలో ఆయన్ని నవ్వులపాలు చేయడం ధర్మం కాదనిపించింది. నిలబడటం లేదు అంకుల్, చిన్న పాట ఏదైనా ఎంచుకుంటే మంచిదేమో అన్నాను. ఆయన మౌత్ ఆర్గాన్ని తువ్వాలుతో తుడిచారు. షిప్‌యార్డులో ఇన్నేళ్లూ పొగ పీల్చానమ్మా, అది ఏదో ఒకనాడు లెక్క అడుగుద్దని తెలుసు అన్నారు. మర్నాడు సంఘంవాళ్లకు ఫోన్ చేసి పేరు తీయించేసుకున్నారు. నాకూ ఫోన్ చేసి, పాఠాలు కూడా ఆపేద్దామమ్మా, ఊపిరి నేనోణ్ణి నీకేటి నేర్పుతాను అన్నారు.

ఉగాది సభకు వెళ్లాను. ఆయన రాలేదు. ఆయన సమయంలో పిల్లల డాన్సు ఇంకొకటి పెట్టారు. పచ్చడి చేతిలో పట్టుకుని నిలబడ్డానే గానీ నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. నిజమే చెప్పానని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఆ తరవాతి శనివారం పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, రైలు ఒకచోట మారి, ఫీడర్ బస్సెక్కి చోవా చూ కాంగ్ వెళ్లాను. ఇక్కడి ఫ్లాట్ల కింద అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. బస్సు దిగి నడుస్తుంటే అటునుంచి మౌత్ ఆర్గాన్ వినబడింది. ఒకే స్వరం. అది ఆగుతుందని నడుస్తూనే ఉన్నాను. రోడ్డు దాటాను, సైకిళ్ల స్టాండు దాటాను, అది ఆగలేదు. స్తంభం పక్కన రాతి బల్ల దగ్గర సింహాచలం అంకుల్ కళ్లు మూసుకుని ఊదుతున్నారు. ఆయన భార్య పార్వతి ఆంటీ ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. స్వరం అలాగే నిలబడి ఉంది. నేను పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాను.

ఆంటీ నన్ను చూసి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "డాక్టరు కాడికి కూడా తీసుకెల్లానమ్మా. ఫోటో తీసి ఊపిరితిత్తులకేటీ నేదన్నాడు. ఈయన నమ్మితేగా. సౌండు ఇంజినీరమ్మ సెప్పింది, డాక్టరుకేటి తెలుసంటాడు."

నా బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు. సంచిలోంచి నా మౌత్ ఆర్గాన్ తీసి, అంకుల్ ఎదురుగా కూర్చుని, ఫిబ్రవరి నుంచీ ఆయన తప్పుపడుతున్న స్వరాన్నే ఊదాను. ఊపిరి ఉన్నంతసేపూ ఊదాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఇదేటి, నువ్వు నిలపగల్దువే."

"మీరూ నిలపగలరు అంకుల్. రోడ్డు అవతల నుంచి వింటూ వచ్చాను. మన మధ్యనున్న ప్రోగ్రామే మింగేసింది. ఒకే తీరున సాగితే ఫ్యాను చప్పుడనుకుని అణిచేస్తుంది. దాన్ని పరీక్షించి బాగుందని సంతకం పెట్టింది నేనే."

ఆయన తన మౌత్ ఆర్గాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఉగాది అయిపోనాది గదమ్మా" అన్నారు.

నేను డబ్బా మూత తీశాను. ఆంటీ ముగ్గురికీ పులిహోర వడ్డించింది. తిన్నాక అంకుల్ నా వాయిద్యం నా చేతికి అందించి, ని దగ్గర ఇంకా తడబడుతున్నావు, తియ్యి మళ్లీ అన్నారు. నేను ఏడుస్తూ వాయించాను. ఆయన చూడనట్టే నుదురు కొట్టుకున్నారు.

సోమవారం ఉదయం ల్యాబులో రెండు గదుల మధ్య కాల్ పెట్టి, నేనే ఊది, అవతలి గదిలో రికార్డు చేయించాను. స్వరం రెండో క్షణం నుంచి తరిగి, తరవాత పూర్తిగా పోయింది. మేము పరీక్షించిన వందల రికార్డింగుల్లో ఉన్నదంతా మాటే. ఒకే స్వరం సాగే శబ్దం ఒక్కటీ లేదు. ఆ రికార్డింగులు ఎంచింది కూడా నేనే.

లోపం రాసే ఫారంలో తీవ్రత అని ఒక గడి ఉంటుంది. ఒకటి అంటే విడుదల ఆగాలి. రెండు అంటే విడుదలయ్యాక సరిచేసుకోవచ్చు. నేను ఒకటి వేశాను. విడుదల చేయాలా వద్దా తేల్చే సమావేశంలో మిస్టర్ లిమ్, ఆఫీసు మీటింగులో మౌత్ ఆర్గాన్ ఎవరు వాయిస్తారు లా అని, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా అడిగి, రెండు వెయ్యమన్నాడు. న్యాయంగా చూస్తే, మాట చెడితేనే ఒకటి వేయాలన్న నిబంధన ఆయన పక్షానే ఉంది. నేను డిసెంబరు సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. వాడుకరికి కలిగిన నష్టం అనే గడిలో, పరీక్షకురాలి మాట నమ్మి ఒకాయన సభలో వాయించడం మానుకున్నాడు అని రాశాను. సాంకేతికం కాని ఆ వాక్యం కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. విడుదల రెండు వారాలు వెనక్కి జరిగింది. వడపోతను ఆపుకునే మీట ఒకటి పెట్టారు, సంగీతం వాయించేవాళ్ల కోసం. ఆ ఏడాది నా అప్రైజల్‌లో మొండి మనిషి అని రాశారు, అదీ నిజమే.

పాఠాలు మళ్లీ సాగాయి, కాల్‌లో కాదు, నెలకోసారి నేనే వెళ్లి నేర్చుకునేదాన్ని. తరవాతి ఉగాదికి సంఘంవాళ్లు అంకుల్‌ని పిలిచారు, ఆయన వాయించారు. కానీ పోయిన ఉగాది పోయినదే. దాన్ని నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. లోపం కనిపెట్టలేకపోవడం నా వృత్తిలో మామూలే, అది రోజూ జరుగుతుంది. ఆయన నన్ను అడిగింది మాత్రం ప్రోగ్రాం గురించి కాదు, తన ఊపిరి గురించి. నేను విన్నది ఆయన ఊపిరిని కాదు, నా ప్రోగ్రాంని. ఆ తేడా గమనించకుండా జవాబు చెప్పాను. నేను సౌండు మనిషిని కాబట్టి ఆయన డాక్టరు కంటే నన్నే ఎక్కువ నమ్మారు. ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఎవరైనా నా వృత్తిని చూసి అభిప్రాయం అడిగితే, నేరుగా వెళ్లి వినకుండా నోరు విప్పలేదు.