రేసు బండికి నా కాలి కొలత

మా ఆయనకి నాకన్నా ముందే ఆ బండితో పెళ్ళయిపోయింది. ఈ మాట నేను పుట్టించింది కాదు, నేను కాపురానికొచ్చిన మూడో రోజున మా అత్తగారే చెప్పారు. తాళి కట్టించుకున్నాక చెబితే ఏం లాభం చెప్పండి!

తొంభైల నాటి సంగతి. మా అత్తవారికి కడియంలో మొక్కల నర్సరీ. ఇక ఆ బండేమో మట్టిలో రేసులకి వాడే మోటోక్రాస్ బండి. అప్పటికే దానికి పాతికేళ్ళు పైన ఉంటాయి. కోనసీమలో గ్యాసు బావులు తవ్వడానికొచ్చిన తెల్లాయనెవరో పోతూ పోతూ అమ్మేస్తుంటే మా ఆయన ఎగబడి కొనుక్కొచ్చారు. దానికి లైట్లు లేవు, హారన్ లేదు. చప్పుడు మాత్రం రైసు మిల్లుకున్నంత ఉండేది. వెనకాల ఒక మనిషి కూర్చుంటుందన్న సంగతి దాన్ని చేసినవాడికి తట్టనే లేదు. సీటు పొడుగ్గా ఉండబట్టి నేను ఓ పక్కకి తిరిగి కూర్చునేదాన్ని గాని, కాళ్ళు పెట్టుకోడానికి చోటేదీ! సంతకి తీసుకెళ్ళే కోళ్ళని సైకిలు హ్యాండిలుకి వేలాడదీస్తారే, అలా ఊగేవి నా కాళ్ళు రెండూ.

అయినా ఆ బండంటే నాకు ప్రాణం. పదకొండుమంది ఉన్న ఇల్లు మాది. వారమంతా వంటిల్లు, అంట్లు, వచ్చేపోయే బేరగాళ్ళకి కాఫీలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం కాలువ గట్టు వెంబడి రాజమండ్రి వెళ్ళి, గోదారి గట్టున కాసేపు కూర్చుని, ఓ ఐస్‌క్రీం తిని వచ్చేవాళ్ళం. లైట్లు లేని బండి గనక పొద్దు వాలకముందే ఇంట్లో ఉండాలి. ఆ మూడు గంటలే నావి. మిగతా వారమంతా ఆ ఇంటిదే.

ఆ మూడు గంటలకీ ముప్పు జంగారెడ్డిగూడెం నుంచి వచ్చింది. ఏటా వేసవిలో అక్కడ పొగాకు తీసేసిన చేలో మట్టి రేసు పెట్టేవారు. ట్యాంకరుతో నీళ్ళు కొట్టి, ఎర్రమట్టిని బురద చేసి, అందులో పాత బండ్ల మీద గిర్రున తిరగడం. పెద్దమనుషులు చేసే పనేనా అది? మా ఆయన వరసగా రెండేళ్ళు వెళ్ళారు. రెండేళ్ళూ పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ కొట్టు పక్క మలుపులో ధబ్బున పడ్డారు. రెండోసారి చెయ్యి విరిగింది. అప్పటికి నేను కొత్త కోడల్ని. చేతికి పిండికట్టుతో కూర్చున్న కొడుక్కి అన్నం కలిపి పెడుతూ మా అత్తగారు తీర్పు చెప్పేశారు.

"ఒరేయ్, ఇంకొక్కసారి పడ్డావో, ఆ బండిని పాత ఇనుముకి వేసేస్తాను. చెప్పలేదనకు."

ఆవిడ అన్నారంటే అయిపోయిందన్నమాటే. ఓసారి పాలు పొంగిపోయాయని కోపమొచ్చి గ్యాసు పొయ్యిని మా ఆడపడుచుకి ఇచ్చేసి, ఆర్నెల్లు మా చేత కట్టెల పొయ్యి ఊదించిన మనిషి. కొడుకు పడితే బండి పోతుంది, బండి పోతే నా ఆదివారం పోతుంది.

మా ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. తప్పు తనది కాదుట, ఫుట్‌రెస్టులదిట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు అత్తగారు. కాని ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ఆ రేసులో కూర్చుని నడపరు, ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడుపుతారు. ఆ బండికున్నవేమో బొటనవేలంత లావు కడ్డీలు. బూటుకి బురద అంటితే జర్రున జారిపోయేవి. తెల్లాయన బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో మా ఆయనకి ఓ బొమ్మ దొరికింది. పాదం ఆనేలా వెడల్పుగా, అంచున రంపం పళ్ళతో ఉన్న ఫుట్‌రెస్టులు. అంతే, లారీ షెడ్డుకెళ్ళి, చక్రాల మీద స్ప్రింగులా ఉండే కమాను పట్టీ విరిగిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నారు. మూరెడు పొడుగు, మూడంగుళాల వెడల్పు, మంచి ఉక్కు. కాగితం మీద రెండు ఫుట్‌రెస్టుల బొమ్మ గీసి, రేసుకి ముందు రోజు పొద్దున్నే బండితో సహా మా వీధి చివరి వెల్డింగు మేస్త్రీకి అప్పజెప్పారు.

"వెడల్పుగా ఉండాలి మేస్త్రీ, కాలు జారకూడదు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు మేస్త్రీ.

మా వైపు మర్యాద ఇక్కడే కొంప ముంచుతుంది. ఎవరి కాలు అని అడగాలా? అడగడు. అడిగితే అయ్యగారి మాట అర్థం కాలేదని ఒప్పుకున్నట్టు కాదూ! గేట్లూ, పొలంలో దమ్ము చేసే ట్రాక్టర్ల ఇనప చక్రాలూ చేసే ఆ మనిషి దగ్గరికి అంతవరకూ వెడల్పు ఫుట్‌రెస్టు కావాలని వచ్చిన ప్రతివాడూ ఒక్కందుకే వచ్చాడు. వెనకాల ఒక పక్కకి తిరిగి కూర్చునే ఆడవాళ్ళ కోసం.

ఆ రోజు నర్సరీలో లారీ లోడు. మామిడి అంట్లూ, క్రోటన్లూ ఎక్కించాలి. మర్నాడు పొద్దున్నే వెళ్ళే ఆ లారీలోనే బండినీ వేసుకుని మేం జంగారెడ్డిగూడెంలో దిగిపోవాలి. అందుకని మా ఆయన "నువ్వు దగ్గరుండి చేయించవోయ్, మేస్త్రీ కాస్త పరాకు మనిషి" అని నన్ను పంపించారు. పంపించకపోయినా బాగుండును.

నేను వెళ్ళేసరికి మేస్త్రీ మొహం వెలిగిపోయింది. చేతిలో సుద్దముక్క పట్టుకుని, "వచ్చారాండి? రండి రండి. ఓసారి కాలు ఇలా పెట్టండమ్మగారూ, కొలత తీసుకుంటాను" అన్నాడు. కింద కమాను పట్టీ పరిచి ఉంది.

అప్పుడు నేను చెప్పాల్సింది. 'నాక్కాదు మేస్త్రీ గారూ, అయ్యగారికి' అనాలి. నోటి దాకా వచ్చింది కూడా. ఈలోగా కడియం నుంచి రాజమండ్రి దాకా వేలాడిన నా కాళ్ళు గుర్తొచ్చాయి. పట్టుకుపోయే పిక్కలు గుర్తొచ్చాయి. చెప్పు విడిచి, కుడి కాలు తీసి పట్టీ మీద పెట్టాను. మేస్త్రీ చుట్టూ సుద్దతో గీశాడు.

"రెండు కాళ్ళూ ఇవ్వండి. అయ్యగారు రెండు గీశారు" అన్నాడు. ఎడమ కాలూ పెట్టాను. దొంగకి తలుపు తీసి పెడితే వద్దంటాడా?

పట్టీ కోయబోతూ కాగితం చూసి తల గోక్కున్నాడు. "ఈ పళ్ళెందుకో అంతు చిక్కడం లేదండి. చీర కుచ్చిళ్ళు పట్టేసుకుంటాయి. మానేద్దామాండి?"

"మానేయండి" అన్నాను. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం నాలుగింటికి ఒంటినిండా మట్టితో మా ఆయన వచ్చి చూశారు. బండి ఎడమ పక్క, వెనకాల, అచ్చం నా పాదాల ఆకారంలో రెండు ఉక్కు పలకలు పక్కపక్కనే అమర్చి, వెండి రంగు కూడా వేసి ఉన్నాయి. లక్ష్మీదేవి పాదాల్లా ఉన్నాయి. మా ఆయన కూర్చునే చోట పాత కడ్డీలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఇదేంటి మేస్త్రీ!" అన్నారు మా ఆయన. పాపం, అరవనైనా అరవలేదు.

"అమ్మగారికేగా అండి?" అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ నావైపు తిరిగారు. నేను క్రోటన్ మొక్కలా నిలబడి, "నేనొచ్చేసరికి అంతా అయిపోయిందండీ" అన్నాను. అబద్ధం. మేస్త్రీ నన్ను చూసి, మళ్ళీ నేల చూపులు చూసి, "ఆయ్, నాదే తప్పండి" అన్నాడు. అమ్మగారి మాట కాదనడం మర్యాద కాదు మరి. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

ఇంకో పట్టీ తెచ్చే వేళ లేదు. ఆఖరికి మేస్త్రీయే దారి చెప్పాడు. రెండు పలకల్లో ఒకటి పెరికి, అడ్డంగా రెండు ముక్కలు కోశాడు. ముందు ముక్క మా ఆయన ఎడమ కాలి కడ్డీకి, వెనక ముక్క కుడి కాలి కడ్డీకి అతికించాడు. అంచులకి ఆకురాయితో పళ్ళు దిద్దాడు. రెండో పలక పెరకడానికి పొద్దు చాలక అలాగే వదిలేశాడు. అలా మా ఆయన ఆ ఏడు నా వేళ్ళ మీద ఒక కాలు, నా మడమ మీద ఒక కాలు వేసి రేసుకి నిలబడ్డారు.

మా అత్తగారు కూడా వచ్చారు. కొడుకు పడేది కళ్ళారా చూడాలిగా! గొడుగు వేసుకుని సరిగ్గా ఆ బ్యారన్ మలుపు దగ్గరే కూర్చున్నారు. నేను ఆవిడ పక్కన కూర్చుని ముక్కోటి దేవతలకీ మొక్కుకున్నాను. నా దొంగతనం వల్ల ఈయన పడితే ఇటు మొగుడూ దక్కడు, అటు ఆదివారమూ దక్కదు. బండి మలుపులోకి వచ్చింది, పక్కకి ఒరిగింది, వెనక చక్రం జారింది. నేను కళ్ళు మూసేసుకున్నాను. తెరిచేసరికి ఆయన కాళ్ళు ఫుట్‌రెస్టులకి అతుక్కుని ఉన్నాయి. నా పలక మట్టిని నాగలిలా గీసుకుంటూ వెళ్ళింది. ఆ పలకే ఊతమిచ్చిందో, ఆయన కాలే నిలిచిందో ఆ దేవుడికే తెలియాలి. ఏడుగురిలో అయిదోవాడిగా వచ్చారు. పడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

మా అత్తగారు గొడుగు మడిచి వచ్చి బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. వెనక పలక దగ్గర ఆగారు. కొడుకుని బండి పట్టుకోమని, ఎక్కి కూర్చుని, దాని మీద కాలు పెట్టి చూశారు. "బాగుందే! ఒరేయ్, వచ్చే ఆదివారం నన్ను పెనుగొండ అమ్మవారి గుడికి తీసుకెళ్ళరా" అన్నారు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఏమో అనుకున్నాను. ఆ ఆదివారం పెనుగొండ. ఆ పై వారం ఆవిడ చెల్లెలిగారిల్లు. ఆ పై వారం ఎవరికో ఒంట్లో బాగోలేదని పరామర్శ. నేను పదకొండుమంది అంట్లూ ముందేసుకుని, ఆ బండి చప్పుడు కాలువ గట్టు మీద దూరమైపోతుంటే వింటూ కూర్చునేదాన్ని. మేస్త్రీ మీద కోపం, అత్తగారి మీద కోపం. అందరికన్నా ఎక్కువ నా కాళ్ళ మీదే కోపం.

నాలుగో వారం మా అత్తగారు తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని బొటనవేలు నొక్కుకుంటూ, "అమ్మాయ్, ఇలా రా" అన్నారు. వెళ్ళాను.

"ఆ పలక మీద నా వేళ్ళు రెండంగుళాలు బయటికి వచ్చేస్తున్నాయి. ఈ ఇంట్లో నాకన్నా చిన్న కాలు ఎవరిదంటావ్?"

ఆవిడ నా కాళ్ళవైపు చూశారు. నేను గబగబా చీర అంచు కిందికి లాక్కున్నాను.

"దాచక్కర్లేదులే. వాడికి చెప్పను" అన్నారు. "మీ మావగారి సైకిలు మీద నేను పన్నెండేళ్ళు కాళ్ళు వేలాడేసుకుని తిరిగాను. కాలు పెట్టమని నన్నెవరైనా అడిగితే, నేను మాత్రం పెట్టనా?"

నేను నవ్వేశాను. ఆవిడా నవ్వారు. ఆ మర్నాడే మేస్త్రీని పిలిపించి పలకకి ముందువైపు రెండంగుళాల ముక్క అతికించారు. ఒక ఆదివారం ఆవిడది, ఒక ఆదివారం నాది అని అక్కడే ఒప్పందమైపోయింది.

మరుసటేడు మా ఆయన మళ్ళీ రేసుకెళ్ళారు. పలక విప్పించేస్తానంటే మేమిద్దరం ఒక్క గొంతుతో వద్దన్నాం. అదే బ్యారన్, అదే మలుపు. ఈసారి ధబ్బున పడ్డారు. మనిషి ఒక పక్కకి, బండి ఒక పక్కకి. మూడోసారి.

మా అత్తగారు గొడుగు అక్కడే పారేసి, చీర ఎగదోపుకుని ఆ బురదలోకి పరిగెత్తారు. ఆవిడ వెనకాలే నేను. బురదలోంచి లేచి కూర్చుంటూ మా ఆయన, "అమ్మా, ఏం కాలేదే, నేను బానే ఉన్నాను" అన్నారు.

ఆవిడ ఆయన్ని దాటుకుని తిన్నగా బండి దగ్గరికెళ్ళారు. వంగి, కొంగుతో పలక మీద మట్టి తుడిచి, అతికిన చోట వేలితో తడిమి చూసి నావైపు తిరిగారు.

"అమ్మాయ్, వంగలేదు. వచ్చే ఆదివారం నీదేగా?"

పాత ఇనుము మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.