యాడికి అని అడగని రహీమ్

సిడ్నీలో గిరావీన్, పెండిల్ హిల్ పేటల చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ కార్లన్నిటికీ డాక్టరు రహీమే. నంద్యాలలో తండ్రి లారీ షెడ్డులో పెరిగాడు. ఇక్కడికొచ్చాక వారమంతా ఓ గ్యారేజీలో పని, సెలవొస్తే మనవాళ్ళ ఇళ్ళ ముందు బానెట్ల కింద తల. మాట బహు తక్కువ. అలాంటివాళ్ళంటే నాకు మామూలుగా ఒళ్ళుమంట. అయినా మా డొక్కు కారుని ఏళ్ళ తరబడి దారిలో ఆగకుండా చూసినవాణ్ణి ఏమంటాం?

అతనికో పట్టింపు ఉండేది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగడు. చిన్నప్పుడు షెడ్డులో ఓ డ్రైవర్ని "యాడికి పోతాండావు మామా?" అని అడిగాడట. ఆ డ్రైవరు ఇంజిన్ ఆపేసి, దిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. లారీ మలుపు తిరగగానే తండ్రి వీడి చెంప పగలగొట్టాడు. హిందువుల శకునం సాయిబుల పిల్లాడికి అలా ఒంటబట్టింది. అంతగా తెలుసుకోవాలంటే మనవాళ్ళు "దూరమా?" అనైనా అంటారు. రహీమ్ అదీ అనడు. "పోయి రండి సార్" అంటాడు, అంతే.

మా పక్కింటి కేశవరావుది కాకినాడ. వైటూకే హడావిడిలో పాత ప్రోగ్రాములు సరిచేయడానికి పిలిపించారు. రెండువేల సంవత్సరం వచ్చింది, ప్రపంచం మునగలేదు, కంపెనీలు మునిగాయి. మరుసటేడు ఆయన ఉద్యోగం ఊడింది. కొత్తది దొరక్కపోతే వీసా కూడా పోతుంది. ఆ సంగతి భార్య శాంతికి తప్ప ఎవరికీ తెలియనివ్వకుండా, రోజూ టై కట్టుకుని రైల్వే స్టేషన్‌కి వెళ్ళేవాడు పాపం. మనవాళ్ళకి ఉద్యోగం పోవడంకన్నా పోయిందని నలుగురికీ తెలియడం పెద్ద చావు. చివరికి తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల బ్రిస్బేన్‌లో ఒక ఆఫీసువాళ్ళు సోమవారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అదే ఆఖరి ఆశ. విమానం మాట ఎత్తే స్థితి కాదు, కారులోనే పోవాలనుకున్నాడు. ఇవన్నీ నాకూ తర్వాతే తెలిశాయి.

శనివారం రహీమ్‌ని పిలిచాడు.

"భాయ్, మార్నింగ్ స్టార్ట్ చేయగానే లోపల కొట్టుకుంటోందండి. హాఫ్ ఎ మినిట్‌లో దానంతటదే సర్దుకుంటోంది. నథింగ్ సీరియస్ కదా?"

రహీమ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. పాత ఆయిల్ ఫిల్టర్ విప్పి, కోసి, లోపలి కాగితం మడతలు ఎండలోకి తిప్పాడు. మడతల్లో లోహపు రజను తళతళలాడింది.

"పైనుంచి సన్నగా టిక్కుటిక్కుమంటే భయం లేదు సార్. మీరు చెప్పేది కిందినుంచి. బేరింగులు అరిగిపోతాండాయి. రాత్రంతా ఆయిలు కిందికి దిగిపోతాది, పొద్దున అది పైకెక్కేదాకా ఇనుం ఇనుం కొట్టుకుంటాది. ఇంజిన్ దించి బేరింగులు మార్చాల. బండి నా దగ్గర వదిలేయండి."

"నెక్స్ట్ వీక్ చూద్దాంలెండి. ఈలోపు ఏదైనా చేయండి."

రహీమ్ కొత్త ఫిల్టర్ బిగించి, చిక్కటి ఆయిల్ పోశాడు. "రేపు తొలి స్టార్టు నేనే వినాల. అంతదాకా తాళం తిప్పాకండి" అని చెప్పి వెళ్ళాడు. చల్లబడ్డ ఇంజిన్ రోజుకి ఒక్కసారే నిజం చెబుతుందని అతని లెక్క.

ఆదివారం పొద్దున నేను గులాబీలకి నీళ్ళు పోస్తున్నాను. రహీమ్ వచ్చేసరికి కేశవరావు ఇస్త్రీ చొక్కాతో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. శాంతి తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, శకునానికి కారుకి ఎదురొచ్చింది. ఏదో శుభకార్యం మీద పోతున్నాడనుకున్నాను. రహీమూ అదే అనుకుని ఉంటాడు.

కేశవరావు తాళం తిప్పాడు. నాకేమీ వినిపించలేదు. రహీమ్ మొహం మాత్రం మారిపోయింది. ఒక చెయ్యి బానెట్ మీద వేసి, "సార్, యా..." అన్నాడు. ఎదురుగా శాంతి నిలబడి ఉంది. ఆ మాట గొంతులోనే మింగాడు. ఊళ్ళోకే అయితే ఇంకో వారం ఎలాగో నడుస్తుందని మనసుకి చెప్పుకున్నాడట.

"నిదానంగా పోయి రండి సార్."

"వచ్చేస్తాను భాయ్" అన్నాడు కేశవరావు నవ్వుతూ.

ఆ మధ్యాహ్నం, బ్రిస్బేన్ దారిలో గ్రాఫ్టన్ దాటాక, ఎత్తెక్కే రోడ్డు మీద, ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కారు ఉన్నచోటే ఆగిపోయింది. వెనక దుంగల లారీ వస్తోంది. కేశవరావు అక్కడికక్కడే పోయాడు.

రహీమ్ కొన్నాళ్ళు ఎవరింటికీ రాలేదు. పదకొండో రోజు అయ్యాక శాంతిని చూడటానికి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తొలి స్టార్టులోనే నాకు వినపడింది తల్లీ. బేరింగులు పోయినాయని తెలిసింది. అంత దూరమని తెలిసుంటే తాళం లాక్కునేవాణ్ణి. అడగలేదు. నోటిదాకా వచ్చింది, అడగలేదు" అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట నేను ఎన్నడూ వినలేదు. నాకు ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. ఆ డ్రైవరు మీద, ఆ చెంపదెబ్బ మీద, మన దిక్కుమాలిన శకునాల మీద.

శాంతి చీర కొంగు మడతలు పెడుతూ అంది.

"మీరు అడిగినా ఆయన చెప్పేవారు కాదు, భాయ్. ఉద్యోగం చేతికొచ్చేలోపు చెబితే దిష్టి తగులుతుంది, ఎవరడిగినా ఊళ్ళోకేనని చెప్పండి అన్నాను. కిట్టు మీద ఒట్టేయించుకున్నాను."

కిట్టు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఈ మాట ఆమె రహీమ్ ఊరట కోసం అందో, తనని తాను పొడుచుకోవడానికి అందో నాకు తెలియదు. రహీమ్ నిలబడ్డ చోటే గోడకి చేరగిలబడి కిందికి జారి కూర్చున్నాడు. పంచుకుంటే బరువు తగ్గుతుందంటారు. శుద్ధ అబద్ధం. ఇద్దరికీ చెరో నిండు బరువు రావడం నేను నా కళ్ళతో చూశాను.