హెలెన్‌తో సముద్రం మీదికి వెళ్లిన పద్నాలుగు మాత్రలు

2006 సెప్టెంబర్. న్యూజిలాండ్ దక్షిణ దీవికి పైఅంచున ఉన్న పిక్టన్ అనే చిన్న ఊళ్లో, మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. గుంటూరులో చదివిన చదువు ఇక్కడ చెల్లడానికి మళ్లీ పరీక్షలు రాసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని అప్పటికి ఏడాది కాలేదు. మావారిది వెల్లింగ్టన్‌లో ఐటీ ఉద్యోగం. శుక్రవారం సముద్రం దాటించే ఫెర్రీలో వచ్చి ఆదివారం వెళ్లిపోయేవారు.

హెలెన్ మా షాపుకి వారం వారం వచ్చే మనిషి. అరవై ఆరేళ్లు, రిటైరైన సైన్స్ టీచరు, ఒంటరిగా ఉండేది. ఏప్రిల్‌లో గుండెపోటు వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా సాగే ఇక్కడి చలికాలమంతా ఇంట్లో హీటర్ పక్కనే కూర్చోమన్నారు డాక్టర్లు. వచ్చినప్పుడల్లా కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "ఇంకెన్నాళ్లు పద్మా?" అని అడిగేది, డాక్టర్ని నేనే అయినట్టు. సీ కయాక్‌లో, అంటే ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి సముద్రపు పడవలో వెళ్లి, ఏదో ఒక ఒడ్డున టెంట్ వేసుకుని పడుకోవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. పిక్టన్ ముందు సముద్రం కొండల మధ్యకి పాయలు పాయలుగా చొచ్చుకుపోతుంది. ఆ ఒడ్డుల మీద ఇళ్లు తక్కువ, మొబైల్ సిగ్నల్ అసలుండదు.

ఆ మంగళవారం పొద్దున్నే నవ్వుతూ వచ్చింది. డాక్టరు సరేనన్నాడట. వారం రోజుల మందులు కావాలి. "సీసాలు తడిసిపోతాయి. ప్యాక్ చేసివ్వు" అంది. బ్లిస్టర్ ప్యాక్ అంటే ఏ పూట మాత్ర ఆ పూట గడిలో పెట్టి, వెనక రేకు అంటించి ఇవ్వడం. అలా ఇస్తే మాత్రలకి సీసా ఉండదు, పేరు చూసుకునే వీలుండదు. మా చేతిని నమ్మి మింగాల్సిందే.

అప్పుడు షాపు నిండా జనం. ఒక పక్క ఫోను. ప్యాక్ కట్టి ఇచ్చేశాను. "పొద్దుటి మాత్రలు ఇంట్లో వేసుకున్నా. రాత్రి భోజనంతో ఇందులోంచి మొదలుపెడతా" అని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నం మూడింటికి ఒకాయన షుగర్ మాత్రల చీటీ తెచ్చాడు. గ్లిక్లజైడ్, నలభై కావాలి. వంద మాత్రల సీసా ఆ పొద్దునే సీల్ విప్పి ఒకరికి అరవై ఇచ్చాను. సరిగ్గా నలభై ఉండాలి. ట్రేలో పోసి ఐదేసి చొప్పున లెక్కపెట్టాను. ఇరవై ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఆరే.

పద్నాలుగు తక్కువ. రోజుకి రెండు చొప్పున ఏడు రోజులకి పద్నాలుగు.

హెలెన్ గుండె మాత్ర మెటోప్రొలాల్. అదీ తెల్లగా, గుండ్రంగానే ఉంటుంది. పక్క అరలో ఆ సీసా మూతకి సీల్ కూడా విప్పలేదు. షుగర్ లేని మనిషి షుగర్ మాత్ర వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పచ్చు. నిద్రలో చక్కెర పడిపోతే తెలిసే దారి కూడా లేదు. గుండె జబ్బు మనిషి, చలిలో, టెంట్‌లో, ఒంటరిగా.

ఆమె మొబైల్‌కి చేశాను, వాయిస్‌మెయిల్. డాక్టర్‌కి చేశాను. "తీపి తినిపించగానే సరిపోదు, చక్కెర మళ్లీ పడిపోతుంది. రాత్రంతా ఆస్పత్రిలో చూడాలి" అన్నాడు. పోలీసులకి చెప్పాను. వాళ్లు పడవల్లో ఉంచుకునే మెరైన్ రేడియోలో పిలుస్తామన్నారు. ఫార్మసిస్టు లేకుండా షాపు తెరిచి ఉంచకూడదు కాబట్టి తనూ ఫార్మసిస్టే అయిన ఓనర్ గ్రాహమ్‌కి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చాడు. తిట్టలేదు. "బోటు మాట్లాడాను, పరిగెత్తు" అన్నాడు.

గ్లూకోజ్ జెల్, వేలు గుచ్చి చక్కెర చూసే మీటరు సంచిలో వేసుకుని పడవలు ఆగే జెట్టీకి పరిగెత్తాను. వాటర్ టాక్సీ, అంటే మనుషుల్ని ఆ ఒడ్డులకి చేర్చే మోటారు బోటు నడిపే రాంగికి హెలెన్ తెలుసు. "ఐదింటికి దక్షిణం నుంచి చలిగాలి లేస్తుందన్నారు. ఆవిడ తెలివైంది, తొందరగానే ఒడ్డెక్కుతుంది" అన్నాడు. అది ధైర్యం చెప్పడమే. నాకు మాత్రం, తొందరగా ఒడ్డెక్కితే తొందరగా వండుకుంటుంది, తొందరగా మాత్ర వేసుకుంటుంది అనే వినిపించింది.

మొదటి క్యాంపులో ఎవరూ లేరు. గులకరాళ్ల మీద పడవ లాగిన జాడ ఉంది. రెండో ఒడ్డున ఒక ముసలి జంట, కయాక్ ఏదీ చూడలేదన్నారు. గాలి మొదలైంది. చన్నీళ్లు మొహాన కొడుతున్నాయి. నా ఉద్యోగం, రిజిస్ట్రేషన్, ఈ దేశంలో మా బతుకు అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినందుకు సిగ్గేసింది. మందుల కంపెనీ నుంచే తప్పు మాత్రలు వచ్చాయని చెప్తే ఎలా ఉంటుందని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. దాచను.

మూడో ఒడ్డున పసుపు పచ్చ కయాక్ కనిపించింది. హెలెన్ టెంట్ ముందు కూర్చుని గిన్నె కడుగుతోంది.

మోకాళ్ల లోతు నీళ్లలో దిగి పరిగెత్తాను. "రాత్రి మాత్ర వేసుకున్నారా?"

"ఇప్పుడే, ఒక పావుగంట అయింది. ఏమైంది?"

"నేను తప్పు మాత్రలు పెట్టాను హెలెన్. అవి మీవి కావు, షుగర్ మాత్రలు. తప్పు నాదే. మీరు ఇప్పుడే ఆస్పత్రికి రావాలి."

ఆమె టెంట్ వైపు, నీళ్ల వైపు చూసింది. "నేను రాను. నాకేం కాలేదు."

వేలు గుచ్చి చూశాను. ఆరు దాటింది. ఇక్కడి లెక్కలో నాలుగుకి, అంటే మన లెక్కలో డెబ్బైకి తగ్గకూడదు. "ఇప్పుడు బాగానే ఉంటుంది, తిన్నారు కదా. రెండు గంటలాగితే ఉండదు."

"ఏప్రిల్ నుంచి ఈ ఒక్క రాత్రి కోసం ఉన్నాను!" కడుగుతున్న గిన్నె పక్కకి తోసేసింది. "డునెడిన్‌లో ఉన్న నా కూతురికి తెలిస్తే ఇంకెప్పుడూ పడవ ఎక్కనివ్వదు. చూశావా అమ్మా, నేను చెప్పలేదా అంటుంది."

అప్పటిదాకా ఆమె ఒంటి గురించే భయపడ్డాను. నేను ఆమె దగ్గర్నుంచి తీసేసుకుంటున్నది ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది. "మీ అమ్మాయితో నేను మాట్లాడతాను. అమ్మ ఏ తప్పూ చేయలేదు, తప్పంతా నాదేనని నేనే చెప్తాను. పదండి" అన్నాను.

ఆమె లేచింది. టెంట్ నేనూ రాంగీ పీకాం.

దారిలో ప్రతి పావుగంటకీ వేలు గుచ్చాను. ఐదున్నర. నాలుగు పాయింట్ తొమ్మిది. అలల కుదుపుకి గురి తప్పి ఒక దఫా రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. జెట్టీ కనిపించేసరికి మూడున్నర. నుదుట చెమట, మాట తడబడుతోంది. జెల్ నోట్లో పెడితే మింగింది, నా చేయి పట్టుకుని వదల్లేదు. కోపంతోనో, భయంతోనో నాకు తెలియదు. జెట్టీ మీద అంబులెన్సు ఉంది. పక్క ఊరు బ్లెన్‌హైమ్ ఆస్పత్రిలో సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి పంపారు.

కూతురికి ఆస్పత్రి నుంచే ఫోన్ చేశాను. అరిచింది. అరవనిచ్చాను. చివరికి, "మా అమ్మ భయపడిందా?" అని అడిగింది. "లేదు, నేను భయపడ్డాను" అన్నాను.

హెలెన్ నా మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. చేసే ముందు షాపుకి వచ్చి నాకే చెప్పింది. "రాయకపోతే ఇది మన ఇద్దరి మధ్య మాటగా మిగిలిపోతుంది. రేపు ఇంకొకరికి జరుగుతుంది." విచారణ జరిగింది. నాకు హెచ్చరిక వచ్చింది. షాపులో పద్ధతి మారింది: ప్యాక్ కట్టినవాళ్లే రేకు అంటించకూడదు. రెండో మనిషి సీసా పేరు పైకి చదివి, సరిచూసి అంటించాలి.

మూడు వారాలకి హెలెన్ మళ్లీ చీటీ పెట్టింది, "మళ్లీ వెళ్తున్నా, వారానికి కట్టు" అంది. వేరే షాపుకి వెళ్తుందనుకున్నాను. కూతురు రెండు గంటలు వాదించి, చివరికి ఆ రోజులా ఆపేయకుండా రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని మాత్రం అడిగిందట.

ఆ రోజు నేను ప్యాక్ కట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

తర్వాత చాలామంది కొత్త ఫార్మసిస్టులకి పని నేర్పాను. తప్పు జరిగితే ఏం చేయాలని అడిగినప్పుడు ఈ సంగతే చెప్తాను. ముందు మనిషిని వెతకండి, దొరకగానే మొదటి మాటలోనే నిజం చెప్పండి. ఆ ఒడ్డున నేను అబద్ధం చెప్పి ఉంటే, కూతురితో మాట్లాడతానన్న నా మాట నమ్మి హెలెన్ బోటు ఎక్కేది కాదని నాకు గట్టి నమ్మకం.