నీలం అద్దం, బట్టీ తలుపు

కుదురుగా కూర్చోవే. ఆ ఫోన్ అవతల పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు.

మన వెనక వసారాలో మీ అమ్మ కరెంటు బట్టీ ఉంది చూడు, దాని సంగతి. కొన్న కొత్తలో పగిలిన సీసాలు కరిగించి చిన్న పళ్ళేలు చేసేది. గాజు కరగడం కష్టం కాదట, చల్లారడమే కష్టం. కరిగాక వేడి కొంత దిగనిచ్చి, ఒక అంకె దగ్గర కదలకుండా ఆపాలి. లోపలా పైనా ఒకే వేడికి వచ్చాక మెల్లగా దించాలి. తొందరపడితే పైన ముందు చల్లబడుతుంది, లోపల వెనకబడుతుంది, గాజు తనంతట తనే పగులుతుంది. ఎక్కడ ఆగాలో, ఎంత నెమ్మదిగా దిగాలో ముందే మీటలు నొక్కి బట్టీకి చెప్పిపెట్టాలి.

మీ తాత పనిచేసినన్నాళ్ళూ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో బోర్మా దగ్గరే చేశాడు. బోర్మా అంటే పప్పు ఆరబెట్టే వేడి గది. అందులో కింది ట్రేలు పైకి, పైవి కిందికి మార్చకపోతే ఒకచోట మాడుతుంది, ఒకచోట పచ్చిగా ఉండిపోతుంది. ఒక మధ్యాహ్నం మీ అమ్మ బజారుకి వెళ్ళింది. ఈయన బట్టీ తలుపు తీసి, లోపలి పలక తిప్పబోయాడు. టిక్కుమంది. వెంటనే ఇంకో టిక్కు. తలుపు మూసి, వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

మీ అమ్మ వచ్చి చూస్తే ఒక్క పళ్ళెం మిగల్లేదు.

"మావయ్యా, తలుపు తీసేరా?"

"తియ్యకపోతే ఎలాగమ్మా? కిందా పైనా మార్సకపోతే సమానంగా ఎలా ఆరతాది?"

ఇది జీడిపప్పు కాదని ఆమె, వేడి ఎక్కడైనా వేడేనని ఈయన. సీసా ముక్కలే కదా అని మీ అమ్మ అంతటితో వదిలేసింది.

తర్వాత తుఫాను వచ్చింది. ఉద్దానంలో మీ అమ్మ కన్నవారి ఊళ్ళో, సముద్రం ఒడ్డున, చర్చికి తూర్పు కిటికీలో ఒక నీలం అద్దం ఉండేది. కొబ్బరిమట్ట కొట్టి ముక్కలైంది. చిన్నప్పుడు ప్రార్థనలో ఆ నీలం వెలుగు వాళ్ళమ్మ ఒళ్ళో పడితే పట్టుకోబోయేదట మీ అమ్మ. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో తెచ్చుకుంది. కరిగించి సిలువ చేస్తాను, ఆ కిటికీలోనే పెడతాను అని పాస్టరు గారికి మాటిచ్చింది. అలాంటి గాజు ఇంకెక్కడా లేదు. పగిలితే మళ్ళీ కరిగించొచ్చుగా అన్నాను. రెండోసారి కాలితే పాలు కలిపినట్టు మసకబారిపోతుందట, ఆ నీలం ఇక రాదట.

సిలువ మందంగా వస్తుంది కాబట్టి పళ్ళేల లెక్క పనికిరాదంది. ఐదొందల యాభై డిగ్రీల దగ్గర ఆపే సేపు బాగా పెంచింది, దిగే వేగం తగ్గించింది. నాకు మాత్రం మీ తాత గురించే బెంగ. తాళం వెయ్యమన్నాను. మీ అమ్మ తాళం వెయ్యలేదు, బట్టీ ముందు కుర్చీ వేసింది.

"మావయ్యా, సల్లారేదాకా ఈ తలుపు ఎవులూ తియ్యకుండా సూడాల. నేనొచ్చినా తియ్యనివ్వకండి."

"నువ్వొచ్చినానా?"

"నేనొచ్చినా."

అంతే, ఆయన లేస్తే ఒట్టు. అన్నం అక్కడికే. చీపురు పట్టుకుని వెళితే నన్ను కూడా తరిమాడు. మర్నాడు మీ అమ్మే ఉండబట్టలేక వెళ్ళింది. బట్టీ మీద వేడి అంకె వంద దిగువకి వచ్చింది కదా, వేలెడు సందు తీసి చూస్తానంది.

"తియ్యకు. ఇంకా ఎచ్చగుంది. నువ్వే సెప్పేవు గదా," అన్నాడు.

మీ అమ్మ నవ్వుకుంటూ వచ్చి బియ్యం కడిగింది.

సాయంత్రం ఆయనే పిలిచాడు. తలుపు ఆమెనే తియ్యమన్నాడు. సిలువ నిండుగా ఉంది, అడుగున చిన్న బుడగ తప్ప ఎక్కడా చీలిక లేదు. మీ తాత దాన్ని గోటితో గీకి చూశాడు, పప్పుకి పొట్టు ఊడుతోందో లేదో చూసినట్టు. "అయిందమ్మా," అన్నాడు.

ఇప్పుడది ఆ కిటికీలోనే ఉంది. వెళ్ళినప్పుడల్లా మీ అమ్మ ఆ పక్క బల్లకే పోతుంది. మీ తాత మాత్రం బట్టీ ముందు కుర్చీ ఇప్పటికీ తియ్యనివ్వడు. మొన్న నువ్వు బంతి కోసం అటు వెళ్ళావు చూడు, అప్పుడు ఆయన లేచి—

"అత్తా, అన్నం సల్లారిపోతంది. రండి."